ఊరి ఉద్యమం నుంచి అసెంబ్లీ దాకా: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల కొత్తవారికి దారి

ధర్నాకి వచ్చిన జనమూ ఓటేసే జనమూ ఒకరేనని అనుకున్నచోటే కొత్తవాళ్లు చాలామంది దెబ్బతింటారు. నీళ్ల కోసమో భూమి కోసమో మీ వెంట నడిచిన మనిషి, పోలింగ్ నాడు కులం, పార్టీ, పింఛను, ఊరి పెద్ద మాట అన్నీ చూసుకుని మీట నొక్కుతాడు. అది అతని తప్పు కాదు. మీ పోరాటానికీ అతని ఓటుకీ మధ్య ఉన్న దూరాన్ని ఏళ్ల తరబడి, బూత్ బూత్‌కీ తిరిగి మీరే తగ్గించుకోవాలి. దీనికి కనీసం మూడు నాలుగేళ్లు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే మిగిలేది నామినేషన్ రసీదే.

ముందు మీ సీటు హద్దులు తెలుసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక శ్రీకాకుళం జిల్లాలో 8 అసెంబ్లీ సీట్లు ఉన్నాయి: ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, ఎచ్చెర్ల, నరసన్నపేట. విజయనగరం జిల్లాలో 7: రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం, శృంగవరపుకోట. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు సీట్లు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. వీటిలో రాజాం, పార్వతీపురం ఎస్సీలకు, పాలకొండ, కురుపాం, సాలూరు ఎస్టీలకు రిజర్వు చేసినవి.

మీ ఉద్యమం హద్దులు, సీటు హద్దులు ఒకటి కావు. ఉద్దానం కిడ్నీ వ్యాధి సమస్యనే తీసుకోండి. కవిటి, కంచిలి, సోంపేట మండలాలు ఇచ్ఛాపురం సీటులో ఉన్నాయి. మందస, వజ్రపుకొత్తూరు పలాసలో ఉన్నాయి. రెండు చోట్లా పనిచేసినవాళ్లు చివరికి ఒకటే ఎంచుకోవాలి, రెండో వైపు చేసిన పని ఓటుగా మారదు. వంశధార నిర్వాసితుల గొడవ పాతపట్నం సీటుది, భోగాపురం విమానాశ్రయం భూములు నెల్లిమర్లవి, కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం ఎచ్చెర్లది. సీటును మొదటి ఏడాదే తేల్చుకోండి.

హద్దులు శాశ్వతమని కూడా అనుకోకండి. 2008 పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రపురం, ఉణుకూరు, తెర్లాం, సతివాడ, భోగాపురం వంటి సీట్లు మాయమయ్యాయి. పలాస, రాజాం, నెల్లిమర్ల, కురుపాం పుట్టాయి. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం మహిళలకు మూడో వంతు సీట్లు జనగణన, పునర్విభజన తర్వాత అమల్లోకి వస్తాయి. అందుకే మీ పని లెక్కలన్నీ మండలాల వారీగా, పంచాయతీల వారీగా రాసుకోండి. సీటు మారినా మండలం లెక్క చెడదు.

అర్హత సంగతి క్లుప్తంగా. 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే రాజీనామా ఇస్తే చాలదు, నామినేషన్‌కి ముందే అది ఆమోదం పొందాలి. ప్రభుత్వంతో మీ పేరిట నడుస్తున్న కాంట్రాక్టు పని ఉంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ కింద అనర్హులవుతారు. సిమెంటు రోడ్డో చెరువు పనో సొంత పేరున చేయించే యువ నాయకులు దీన్ని మరిచిపోతుంటారు.

ఒకే సమస్య, దాని కాగితం

పది సమస్యల మీద పది ధర్నాలు చేసేకంటే ఒక్కదాన్ని పట్టుకుని ఫలితం దాకా లాగడం మేలు. ఈ గడ్డమీద పోరాటాలకు కొదవ లేదు. 2010 జులై 14న సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు ఎదురు నిలిచినవాళ్లు కాల్పులకు ప్రాణాలిచ్చారు. ఆ త్యాగాలు చూసిన జనం ముందు మీరు మాటలతో నిలబడలేరు. శివారు ఆయకట్టుకి నీళ్లు, జీడి పిక్కల ధర, జూట్ మిల్లు కార్మికుల బకాయిలు, డయాలసిస్ కేంద్రం, చేపల జెట్టీ... మీ సీటులో కనీసం రెండు మండలాలకు తగిలే సమస్యను తీసుకోండి. ఒక్క ఊరిదైతే ఆ ఊరి నాయకుడిగానే మిగులుతారు.

ప్రతి అర్జీకీ కాగితం ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదు నంబరు ఇస్తారు. దాన్ని ఒక రిజిస్టరులో ఎక్కించండి: తేదీ, అర్జీదారు పేరు, ఊరు, శాఖ, వచ్చిన సమాధానం, మళ్లీ వెళ్లిన తేదీ. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. "పనులు ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు, వివరణ. "ఫలానా కాలువ పూడికతీతకు ఫలానా ఏడాది మంజూరైన మొత్తం, ఎం-బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు" అని అడగండి. గ్రామసభలో ఆ ఎం-బుక్ నకలు చదివి వినిపిస్తే, దాని బలం ఏ ఉపన్యాసానికీ రాదు.

సమస్య తీరితే ఆ ఊరికి వెళ్లి రామమందిరం దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పండి. ఎవరు సంతకాలు పెట్టారు, ఏ అధికారి స్పందించారు, ఇంకా ఏం మిగిలింది, అంతా చెప్పండి. సాయం చేసిన అధికారి పేరు చెప్పడానికి వెనకాడకండి.

కేసుల లెక్క

ఉద్యమకారులకు ఇది ముఖ్యం. రాస్తారోకో, రైల్‌రోకో, కలెక్టరేట్ ముట్టడి... ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ ఉండొచ్చు. "మరికొందరు" అన్నచోట మీ పేరు తర్వాత చేరి ఉండొచ్చు. మీకు సమన్లు రాలేదంటే కేసు లేదని అర్థం కాదు. ఎన్నికలకు ఏడాది ముందే మీరు పనిచేసిన ప్రతి పోలీస్ స్టేషన్ పరిధిలో మీ మీద ఉన్న కేసుల వివరాలు రాతపూర్వకంగా అడగండి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికించండి, రైల్వే పోలీసులనూ కలపండి. రాజీకి వీలున్నవి లోక్ అదాలత్‌లో తేల్చుకోండి.

పెండింగ్ కేసు ఉంటే అనర్హత రాదు. రెండేళ్లు, ఆపైన జైలుశిక్ష పడితే అనర్హత వస్తుంది. కొన్ని నేరాలకు జరిమానా పడినా చాలు. కానీ ఉన్న కేసును అఫిడవిట్‌లో దాచడం వేరే నేరం, ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది. కేసులున్న అభ్యర్థి ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీలోనూ వాటిని ప్రకటించాలి. ఆ ఖర్చు కూడా మీ లెక్కలోకే వస్తుంది, ముందే పక్కన పెట్టుకోండి. జనం కోసం పెట్టించుకున్న కేసులైతే ఆ ప్రకటనకు సిగ్గుపడనక్కర్లేదు. ఏ పోరాటంలో వచ్చిందో ఊరూరా మీరే ముందు చెప్పండి.

బూత్ పుస్తకం

సీటుకి దాదాపు రెండు లక్షల పైచిలుకు ఓటర్లు, 250 నుంచి 300 బూత్‌లు ఉంటాయని లెక్క వేసుకోండి. మొదట ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్ నుంచి 2019, 2024 ఫారం 20 షీట్లు దింపుకోండి. అందులో ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. రెండు ఎన్నికల్లోనూ ఒకే వైపు నిలిచిన బూత్‌లు, అటూ ఇటూ మారిన బూత్‌లు వేరు చేయండి. మారే బూత్‌లే మీ మొదటి పని.

ఒక బూత్‌లో 900 నుంచి వెయ్యి ఓట్లుంటే సుమారు 300 ఇళ్లు. ముగ్గురు మనుషులు తలా 100 ఇళ్లు పంచుకుని సాయంత్రం పదేసి ఇళ్లు తిరిగితే పది రోజుల్లో అయిపోతుంది. ఒకేసారి సీటంతా మొదలుపెట్టకండి. ఒక మండలంలో 40 బూత్‌లు పూర్తి చేసి, పుస్తకం సరిగా వచ్చిందో లేదో చూసి తర్వాతి మండలానికి వెళ్లండి. ప్రతి బూత్‌కీ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఇంటి నంబరు, ఓటర్ల వరుస నంబర్లు, ఫోను, ఇంటి ప్రధాన సమస్య, వలస వెళ్లినవాళ్లు ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు, ఇంకా జాబితాలో లేని 18 ఏళ్లవాళ్లు. "మనవాళ్లు, కానివాళ్లు" అన్న గుర్తు మొదటి తిరుగుడులో వేయకండి. అది తప్పవుతుంది, ఆ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే ఊళ్లో తగువవుతుంది.

మన జిల్లాల్లో వలస లెక్క తప్పితే గెలుపు లెక్కే తప్పుతుంది. హైదరాబాద్, చెన్నై భవనాల పనికి వెళ్లినవాళ్లు, గుజరాత్ తీరానికి వేటకు వెళ్లిన మత్స్యకారులు సంక్రాంతికో అమ్మవారి సంబరానికో ఇళ్లకు వస్తారు. ఓటరు నమోదు, చిరునామా మార్పు పనులు ఆ రోజుల్లోనే పెట్టుకోండి. కొత్త ఓటుకి ఫారం 6, తొలగింపు కోరడానికి ఫారం 7, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఏ తేదీకి 18 నిండినా నమోదు చేయించుకోవచ్చు. నిర్వాసితులు పునరావాస కాలనీకి మారి, ఓటు మునిగిన ఊరి చిరునామా మీదే ఉండిపోతే తొలగింపు ఖాయం. వాళ్ల ఫారం 8 పని ముందు చూడండి. జాబితా ముసాయిదా వచ్చిన ప్రతిసారీ మీ పుస్తకంతో పోల్చి, బతికున్నవాళ్ల పేరు పోయిందేమో చూడండి.

స్థానిక ఎన్నికల మెట్టు

అసెంబ్లీకి దూకేముందు ఎంపీటీసీగానో జెడ్పీటీసీగానో సర్పంచిగానో ఒకసారి నిలబడమనే మేం గట్టిగా చెబుతాం. స్థానిక సంస్థలకు 21 ఏళ్లు చాలు. ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో రాష్ట్రం తీసేసింది. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా జరుగుతుంది, కాబట్టి పార్టీ లేని ఉద్యమకారుడికి అదే మొదటి తలుపు. ఎంపీటీసీ, జెడ్పీటీసీలకు పార్టీ గుర్తులుంటాయి. జెడ్పీటీసీ అంటే ఒక మండలమంతా, అంటే మీ అసెంబ్లీ సీటులో మూడో వంతో నాలుగో వంతో. అక్కడ వచ్చిన ఓట్లే పార్టీ దగ్గర మీ మాటకు బలం. ఓడినా మండలంలోని బూత్‌లన్నిట్లో మీకు ఏజెంట్లు తయారవుతారు.

టికెట్

నచ్చినా నచ్చకపోయినా ఈ లెక్క చూడాలి. 2019లో ఉమ్మడి విజయనగరం జిల్లాలోని 9 సీట్లూ వైఎస్సార్సీపీ గెలిచింది. 2024లో అవే 9, ఉమ్మడి శ్రీకాకుళంలోని 10 కూడా తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గెలిచింది. గాలి అంత బలంగా వీచినప్పుడు మంచి అభ్యర్థి సొంతంగా ఎదురీది గెలవడం చాలా కష్టం. ఇండిపెండెంటుగా నిలబడాలనుకుంటే ఈ సంగతి తెలిసే దిగండి.

పార్టీలో చేరేది ఎన్నికలకు రెండేళ్ల ముందైనా కావాలి. నెల ముందు చేరినవాళ్లకు టికెట్ వచ్చిందంటే అది డబ్బుకో పేరున్న కుటుంబానికో వచ్చినదే. పార్టీ చూసేవి నాలుగు: ఫోన్ సర్వేల్లో మీ పేరు ఎంతమంది చెబుతున్నారు, నియోజకవర్గంలో కాళింగ, తూర్పు కాపు, వెలమ, మత్స్యకార, దళిత ఓట్ల పొందికలో మీరు ఎక్కడ సరిపోతారు, ఖర్చు తట్టుకోగలరా, పాత ఇన్‌ఛార్జి మీకు పనిచేస్తాడా. మొదటిదీ చివరిదీ మీ చేతిలో ఉన్నవి. ఇన్‌ఛార్జితో తగువు పెట్టుకుని పైనుంచి టికెట్ తెచ్చుకున్న అభ్యర్థికి బూత్‌లో కూర్చునే ఏజెంట్లు దొరకరు.

పొత్తులు అన్నిటినీ తారుమారు చేయగలవు. 2024లో ఎచ్చెర్ల బీజేపీకి, నెల్లిమర్ల, పాలకొండ జనసేనకు వెళ్లాయి. అక్కడ ఏళ్లుగా తెలుగుదేశంలో పనిచేసినవాళ్లకు ఆ ఎన్నికలో తమ పార్టీ గుర్తు మీద పోటీకి చోటే లేదు. అందుకే టికెట్ రాకపోతే ఏం చేస్తారో మీ ముఖ్యమైన పాతిక మందితో ముందే మాట్లాడుకోండి. ఆ రాత్రి కోపంలో తీసుకునే నిర్ణయం మీతోపాటు వాళ్లనూ ముంచుతుంది.

నామినేషన్

కాగితం తప్పుతో పోయే నామినేషన్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటాయి. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే తీసుకుంటారు, సెలవు రోజుల్లో తీసుకోరు. ఆఖరి రోజుకి ఉంచకండి, తప్పు దొరికితే దిద్దుకునే రోజు ఉండాలి. ఒక సీటుకి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. కనీసం రెండు, వేర్వేరు ప్రతిపాదకులతో వేయండి.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. పదిమందీ అదే నియోజకవర్గ ఓటర్లై ఉండాలి. మీ ఓటు ఎక్కడున్నా ఫరవాలేదు గానీ వేరే సీటులో ఉంటే ఆ ఓటర్ల జాబితా ధ్రువీకృత నకలు జత చేయాలి. ప్రతిపాదకుల భాగం నంబరు, వరుస నంబరు తాజా జాబితా చూసి రాయండి, పాత స్లిప్పు చూసి కాదు. వేలిముద్ర వేసే ప్రతిపాదకుడు ఉంటే ఇంటి దగ్గర ముద్ర వేయించుకొస్తే చెల్లదు, రిటర్నింగ్ అధికారి లేదా అధీకృత అధికారి ఎదుట వేయాలి. సంతకం చేయగలవాళ్లనే పదకొండో పన్నెండో మందిని సిద్ధంగా ఉంచుకోండి.

డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. నగదుగా గానీ ట్రెజరీ చలానాగా గానీ కట్టాలి, చెక్కు తీసుకోరు. ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకండి. ఏమీ లేకపోతే "లేదు" అనో "వర్తించదు" అనో రాయండి. భార్య లేదా భర్త, మీ మీద ఆధారపడ్డవాళ్ల ఆస్తులు, అప్పులు కూడా రాయాలి. మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే ఏ, బీ ఫారాలు ఆఖరి రోజు మధ్యాహ్నం 3 లోపు సిరా సంతకంతో అందాలి, ఫోటో కాపీ పనికిరాదు. నామినేషన్ వేశాక ప్రమాణం చేయాలి, అదీ పరిశీలన తేదీకి ముందు రోజులోపే. అన్నీ సరిగా ఉండి ప్రమాణం మరిచిపోయినా నామినేషన్ పోతుంది.

ఇండిపెండెంటైతే ఉచిత గుర్తుల జాబితా నుంచి మూడు కోరుకోవాలి. దూరం నుంచి చూసినా తెలిసేవి, ముసలివాళ్లు ఒక్కమాటలో చెప్పగలిగేవి ఎంచుకోండి. మన వైపు ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు చాలామంది. బ్యాలెట్ మీద జనానికి తెలిసిన పేరు రావాలంటే రిటర్నింగ్ అధికారికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి.

డబ్బు

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకని విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. ఒకే మనిషికి మొత్తం మీద 10,000 దాటితే నగదుగా ఇవ్వకూడదు. రిజిస్టరులో మూడు రంగుల పేజీలుంటాయి: రోజువారీ ఖర్చుకి తెలుపు, నగదుకి గులాబీ, బ్యాంకుకి పసుపు. టీ, కుర్చీ, షామియానా అన్నిటికీ జిల్లా అధికారులు ధరల పట్టిక ఇస్తారు. అభిమాని తన డబ్బుతో వేయించినా ఆ షామియానా పట్టిక ధర మీ ఖాతాలో పడుతుంది. వాళ్ల దగ్గర వీడియో ఉంటుంది, మీ లెక్కలో లేకపోతే నోటీసు వస్తుంది. లెక్కలు రాయడానికి వేరే పని ఏదీ అప్పగించని మనిషిని ఒకరిని పెట్టండి. కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరి.

ఓటుకి నోటు ఇస్తారా అని మిమ్మల్ని అడుగుతారు. ఇవ్వకండి. చట్టం ఒక కారణం. రెండోది, మీ బలం మీ ఉద్యమం పేరు. ఒక్క రాత్రి పంపిణీతో అది పోతుంది, డబ్బులో పెద్ద పార్టీలను మీరు ఎలాగూ మించలేరు. వలస ఓటర్లను తేవడానికి బస్సులు పెట్టడం మరో ఉచ్చు. ఓటర్లను పోలింగ్ కేంద్రానికి ఉచితంగా చేరవేయడానికి వాహనం ఏర్పాటు చేస్తే అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123 సెక్షన్ కింద అక్రమ పద్ధతి, గెలిచినా ఎన్నిక రద్దు కావచ్చు. బదులుగా పోలింగ్ తేదీ ప్రకటించిన రోజే మీ పుస్తకంలో ఉన్న వలస కుటుంబాలకు ఫోన్ చేసి, రైలు టికెట్లు వాళ్లే ముందుగా చేయించుకునేలా చెప్పండి. కులం పేరు చెప్పి ఓటడగడం కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

ప్రచారం, పోలింగ్

2024లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29న ముగిసింది, ప్రచారం మే 11న ఆగింది. ఇండిపెండెంటుకి గుర్తు చేతికొచ్చాక మిగిలింది 12 రోజులు. అందుకే తిరుగుడు ముందే అయిపోయి, ఆ రోజులు గుర్తు చెప్పడానికే మిగలాలి. సభలు తగ్గించి సంతలు, మిల్లు షిఫ్ట్ మారే వేళలు, తీరంలో పడవలు వచ్చే వేళలు పట్టుకోండి. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటేయడానికి నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఫారం 12డీ ఇవ్వాలి. ఉద్దానంలో డయాలసిస్ రోగులున్న ఇళ్లలో దీనికి అర్హులెవరైనా ఉన్నారేమో ముందే చూడండి.

ప్రతి బూత్‌కీ ఏజెంటుని ఫారం 10తో నియమించాలి. ఆ బూత్ ఓటరే అయితే మేలు, ముఖం చూసి దొంగ ఓటుని గుర్తుపట్టగలడు. పోలింగ్ మొదలవడానికి 90 నిమిషాల ముందు, అంటే 7 గంటలకు మొదలైతే 5:30కి, మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్) జరుగుతుంది; కనీసం 50 ఓట్లు వేస్తారు. అది అయ్యాక యంత్రంలో క్లియర్ మీట నొక్కారో లేదో, వీవీప్యాట్ చీటీలు తీశారో లేదో ఏజెంటు కళ్లతో చూడాలి. నిద్ర లేవలేక ఏడింటికి వచ్చిన ఏజెంటు ఈ పని చేయలేడు. మే ఎండలో ఏజెంటుకి అంబలి, మజ్జిగ ఇంటి నుంచే కట్టి పంపండి. సాయంత్రం ఫారం 17సీ నకలు చేతికి రానిదే అతను బూత్ వదలకూడదు. అందులో మొత్తం ఓట్లు, యంత్రం నంబరు, సీళ్ల నంబర్లు ఉంటాయి.

లెక్కింపు, ఆ తర్వాత

మామూలుగా 14 టేబుళ్లు వేస్తారు; 280 బూత్‌లైతే 20 రౌండ్లు. లెక్కింపు ఏజెంట్లను ఫారం 18తో ముందే ఇవ్వాలి. ప్రతి టేబుల్ ఏజెంటు దగ్గరా ఆ టేబుల్‌కి వచ్చే బూత్‌ల 17సీ నకళ్లు వరుసగా కుట్టి ఉంచండి. యంత్రం నంబరు, మొత్తం ఓట్లు కలవకపోతే ఆ రౌండ్ ఫలితం ప్రకటించకముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. బయటికొచ్చి అరిస్తే లాభం లేదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ దక్కుతుంది; 1,80,000 చెల్లితే 30,000 వచ్చినా చాలదు, 30,001 కావాలి.

గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చు లెక్కలు వోచర్లతో సహా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయి నీరసపడి దీన్ని వదిలేసేవాళ్లున్నారు. ఎన్నికల సంఘం వాళ్లను మూడేళ్లు అనర్హుల్ని చేయగలదు, అంటే తర్వాతి స్థానిక ఎన్నికల అవకాశం కూడా చేజారిపోవచ్చు. ఫలితాన్ని సవాలు చేయాలంటే హైకోర్టులో పిటిషన్‌కి గడువు 45 రోజులే. కాబట్టి 17సీ నకళ్లు, అభ్యంతర పత్రాలు, ఖర్చు రిజిస్టరు, అఫిడవిట్ నకలు అన్నీ ఒకే పెట్టెలో, ఒకే మనిషి దగ్గర, లెక్కింపు రాత్రే చేర్చండి.